స్తోత్రం బాబాయి సాక్ష్యాలు

లోకంలో అందరూ గెలిచినప్పుడు దేవుడికి స్తోత్రం చెబుతారు. బాబాయి మాత్రం ఓడిపోతేనే చెబుతాడు. అదీ ఇంట్లో గుట్టుగా కాదు, ఆదివారం చర్చిలో, అందరి ముందూ, మైకు పుచ్చుకుని!

ఆరాధనలో సాక్ష్యాల సమయమని ఒకటుంటుంది. దేవుడు చేసిన మేళ్లను లేచి నిలబడి చెప్పుకోవాలి. ఒకరికి జ్వరం తగ్గుతుంది, ఒకరికి ఉద్యోగం వస్తుంది. అందరిదీ అయ్యాక బాబాయి గొంతు సవరించుకుంటాడు. అంతే, పాస్టరుగారు వాచీ చూసుకుంటారు. పిన్ని పాటల పుస్తకంలో మొహం దాచుకుంటుంది.

"ప్రభువుకు స్తోత్రం! నేను చేసిన బీరువా తలుపు లోపలివైపుకి తెరుచుకుంది. బట్టలు పెడితే తలుపు రాదు, తలుపు తెరిస్తే బట్టలు పట్టవు. అయినా ప్రభువు నన్ను విడిచిపెట్టలేదు. ఆమెన్!"

బాబాయి వడ్రంగి. చెయ్యి తిరిగిన పనివాడే. కానీ ఆ సాక్ష్యాలు విన్నవాళ్లెవరైనా ఆయన చేత పీట కూడా చేయించుకోరు. అందరికంటే ఎక్కువ తల కొట్టేసినట్టుండేది ఆయన అన్న కూతురికే. ఆ అమ్మాయి చర్చిలో పాటలు పాడే క్వయర్‌కి లీడరు. ఏనాడూ ఒక్క స్వరం తప్పని మనిషి.

"బాబాయ్, నీకు ఒక్క మంచి సంగతైనా జరగదా?"

"ఎందుకు జరగదూ? బోలెడు!"

"మరి అవి చెప్పొచ్చుగా? పరువు తీస్తున్నావు."

"పరువుదేముందిలే తల్లీ. బైబిల్లో ఆ శిష్యుడు పడవ దిగి, ప్రభువు దగ్గరికి నీళ్లమీద నడవబోయి మునిగాడు చూడు. పడవలో కూర్చున్నవాళ్లు ఎవరైనా మునిగారా? లేదు. మరి ప్రభువు చెయ్యి పట్టుకున్నది ఎవరిని? మునిగినవాడినే! మిగతావాళ్లకి ఆ చెయ్యి వెచ్చగా ఉందో చల్లగా ఉందో కూడా తెలీదు."

ఈయనతో వాదించడం దండగ అనుకుని ఆమె ఊరుకునేది.

ఇంతలో చుట్టుపక్కల చర్చిలన్నీ కలిసి పాటల కూడిక పెట్టుకున్నాయి. ముందు పాడిన క్వయర్ అదరగొట్టింది. చప్పట్లు ఆగలేదు. అమ్మాయికి పంతం వచ్చింది. వాళ్లకంటే మనం ఇంకో మెట్టు పైనే అని చూపించాలని, రోజూ పాడే శ్రుతి వదిలేసి పాటను బాగా పైన ఎత్తుకుంది. పల్లవి ఎలాగో గడిచింది. చరణానికి వచ్చేసరికి ఆడవాళ్ల గొంతులు కీచుమన్నాయి, మగవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ మిగిలిన గొంతూ పగిలింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాట మధ్యలో ఆపేసి ఆమె వేదిక దిగిపోయింది.

ఆ తర్వాత పాడటం మానేసింది. చర్చికి రావడమూ మానేసింది. పాడకపోతే తనెవరో తనకే తెలియని పిల్ల, ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు. తెలియక చేసిన తప్పయితే సర్దుకునేది. ఇది గొప్పకి పోయి చేసింది. దేవుడి పాటతో గొప్ప చూపించుకోబోయి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆయన ముందు నిలబడాలి?

పిన్ని కబురు పెడితే ఒకరోజు వాళ్లింటికి వెళ్లింది.

"ఆ కుర్చీలో కూర్చోవే."

"అమ్మో! బాబాయి ఆమధ్య సాక్ష్యం చెప్పిన కుంటి కుర్చీ ఇదేగా?"

"కూర్చుని చూడు."

భయం భయంగా కూర్చుంది. కుర్చీ బండరాయిలా ఉంది, కదిలితే ఒట్టు.

"ఇది కుంటింది మా పెళ్లయిన కొత్తలో. రెండోరోజే బాగుచేశాడు" అంది పిన్ని.

"మరి నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్పాడే!"

"ఎప్పుడు జరిగిందో ఆయన చెప్పడు, మీరు అడగరు. ఆ కుర్చీ సంగతి చెప్పిన వారం మన చర్చికొచ్చే బేకరీ ఆయన షాపు మూతపడింది. అందరూ మేళ్లు చెప్పుకుంటుంటే పాపం ఆయన చివరి వరసలో చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. మీ బాబాయికి ఉండబట్టలేదు. ఈయన తన పొరపాట్లు డబ్బులు దాచినట్టు దాచుకుంటాడమ్మా. ఎవరికి అవసరమైతే వాళ్లకోసం ఒకటి బయటికి తీస్తాడు."

"బీరువా?"

"నర్సుగారి పెళ్లి తప్పిపోయిన వారం."

అమ్మాయికి తను సిగ్గుపడ్డ ఆదివారాలన్నీ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

"మరి నాకోసం ఏం తీస్తాడు పిన్నీ?"

"ఏం మిగిలాయో మరి. స్టాకు అయిపోవచ్చిందని బెంగపడుతున్నాడు."

ఆదివారం ఆమె వచ్చి చివరి వరసలో కూర్చుంది. సాక్ష్యాలు అయ్యాయి. బాబాయి గొంతు సవరించుకున్నాడు. పాస్టరుగారు వాచీ చూసుకున్నారు.

"ప్రభువుకు స్తోత్రం! ఈవేళ చెప్పేదేం లేదు. పాట పాడతాను."

పాస్టరుగారికి ముచ్చెమటలు పట్టాయి. బాబాయి ఎత్తుకున్నది సరిగ్గా ఆ పాటే. ఆమె ఎత్తుకున్న చోటుకంటే ఇంకా పైన! రెండో పాదానికి గొంతు ఆకాశంలో ఎక్కడో తప్పిపోయింది. నోరు ఆడుతోంది, శబ్దం లేదు. చర్చి అంతా పకపకా నవ్వింది. ఆమెకూ నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం కూర్చోలేదు. కళ్లు మూసుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాడు.

అయ్యో, ఈయన్ని ఇలా వదిలేస్తే ఎలా అనిపించింది ఆమెకు. అనిపించడమే తరువాయి, వెనకనుంచి ఆ పాదాన్నే కింది శ్రుతిలో అందుకుంది. బేకరీ ఆయన గొంతు కలిపాడు, తర్వాత నర్సుగారు, తర్వాత అందరూ. పాడుతూనే నడిచి వెళ్లి బాబాయి చెయ్యి పట్టుకుంది.

బయటికొచ్చాక నిలదీసింది. "కావాలనే అంత పైన ఎత్తుకున్నావు కదూ?"

"ఛఛ! చర్చిలో నాటకాలా? నా అసలు గొంతే అది. ఇన్నేళ్లూ దాచుకున్నాను!"

తర్వాతి ఆదివారం చివరి వరసలో ఎవరో కొత్తావిడ, తల ఎత్తకుండా కూర్చుంది. ఆమెను చూడగానే బాబాయి గొంతు సవరించుకోబోయాడు. క్వయర్‌లోంచి అమ్మాయి గబగబా దిగొచ్చి ఆయన భుజం నొక్కింది.

"నువ్వు కూర్చో బాబాయ్. నీ స్టాకు అయిపోయింది. నా దగ్గర కొత్తదుంది" అని మైకు అందుకుంది.

"ప్రభువుకు స్తోత్రం! మొన్న గొప్పకి పోయి ఒక పాట పాడుచేశాను..."

పాస్టరుగారు వాచీ విప్పి జేబులో వేసుకున్నారు.