వెనక సీటు లేని బండి

మా మరిది పోయిన సోమవారం ఉదయం కాలం చేశాడు. ఈ మాట వినగానే ప్రతి ఒక్కరూ ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఆ బండి మీంచి పడేనా అండీ?" అని అడుగుతున్నారు. కాదు. ఆఫీసులో, కుర్చీలో, చేతిలో టీ కప్పుతో, గుండె ఆగి పోయాడు. బండి గ్యారేజీలో క్షేమంగా ఉంది. అడిగినవాళ్ళు కొంచెం నిరాశపడుతున్నట్టు కనిపిస్తోంది కాబట్టి అందరికీ ఒకేసారి రాసేస్తున్నాను.

అతను మా ఆయన తమ్ముడు. దోహా శివార్లలో, అల్ వుకైర్‌లో, మా అబ్బాయి ఇల్లూ అతని ఇల్లూ ఎదురెదురుగా ఉంటాయి. మా ఆయన పోయాక నేను తెనాలి నుంచి అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. మరిది రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు పేరు చెప్పి దోహా అంతా తవ్వి పెట్టినవాళ్ళలో ఒకడన్నమాట. కూరగాయలకి వెళ్ళే దారి మారినప్పుడల్లా నేను అతన్నే తిట్టేదాన్ని. "కప్పు అయిపోనివ్వు వదినా, రోడ్లన్నీ నీవే," అనేవాడు.

పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం ఫోను పట్టుకుని వచ్చాడు. తెర మీద ఎర్ర మోటారు సైకిలు. రేసుల్లో పరుగెత్తే బండినే రోడ్డుకి తగ్గట్టు కాస్త మార్చి, లెక్కపెట్టినన్ని మాత్రమే తయారుచేస్తారట. ప్రతిదాని మీదా హ్యాండిల్ దగ్గర దాని నంబరు చెక్కి ఉంటుందట. ముందు రెండు పక్కలా చిన్న రెక్కలు కూడా ఉన్నాయి. ఎందుకంటే, గాలికి లేచిపోకుండా నేలకి నొక్కి పట్టడానికట. ఎగరకుండా ఉండటానికి రెక్కలు పెట్టుకున్న వస్తువుని నేను అదే చూడటం. అరవైకి రెండేళ్ళు తక్కువున్న మనిషి, పెళ్ళిచూపుల ఫొటో చూపించినట్టు చూపించాడు.

"వెనక సీటు ఏదీ?" అన్నాను.

"లేదు వదినా. రేసు బండి కదా."

"మరి మీ ఆవిడ?"

"అందుకేగా దీనికి ఇంత గిరాకీ."

వంటింట్లోంచి మా తోడికోడలు, "వినపడుతోంది," అంది.

చిక్కల్లా లైసెన్సుతో వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడ కారు నడుపుతున్నాడు గానీ మోటారు సైకిలు లైసెన్సు లేదు. గడువులోగా అది చూపించకపోతే షోరూమువాళ్ళు బండిని జాబితాలో తరవాతి పేరుకి ఇచ్చేస్తారు. దాంతో పెద్ద ఇంజనీరుగారు డ్రైవింగ్ స్కూల్లో చేరి, ఫుడ్ డెలివరీ పనికి లైసెన్సు కావాల్సినవాళ్ళతో పాటు హెల్మెట్ చంకలో పెట్టుకుని వరసలో నిలబడ్డాడు.

మొదటి టెస్టు రోజు మా తోడికోడలు నిండు చెంబుతో ఎదురు వచ్చింది. వరసగా పెట్టిన ఎర్ర కోన్ల మధ్య బండి తిప్పుతూ కాలు కింద పెట్టాడు, ఫెయిల్. రెండోసారి పసుపు రాసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఈసారి ఏకంగా కోన్‌నే గుద్దాడు. "ఆ కోన్లు మా సైటుకి నేను తెప్పించే రకమే వదినా. నన్ను గుర్తుపట్టలేదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. గడువులోగా మిగిలింది ఒక్క అవకాశం.

అతనితో పాటు నేర్చుకుంటున్న జగిత్యాల మనిషి ఒకాయన ఉన్నాడు. నలభై దాటినవాడు, ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీలుండే క్యాంపులో ఉంటాడు. ఆయన మరిదిని పక్కకి పిలిచి చెప్పాడట: "సారూ, మీరు కోన్ దిక్కే సూస్తున్నరు. దాన్ని సూస్తే దాని మీదికే పోతరు. మీరు పోయే దిక్కు సూడుండ్రి." ఆ మాట మరిదికి ఎంత నచ్చిందంటే, నా బీపీ మాత్రల దగ్గర్నుంచి మా అబ్బాయి ఉద్యోగం గొడవ దాకా అన్నిటికీ అదే వాడేవాడు, అదే యాసలో. యాస మాత్రం అతనికి ఎప్పుడూ కుదరలేదు.

మూడో టెస్టు రోజు పొద్దున్నే నేను వాళ్ళ గోడ పక్కన కరివేపాకు కోస్తున్నాను. మరిది హెల్మెట్‌తో బయటికి వచ్చాడు. నేను గోడవైపు తిరిగిపోయాను. భర్త పోయిన ఆడది శకునానికి పనికిరాదని మావాళ్ళ నమ్మకం. నేను నమ్మను. ముప్పై ఏళ్ళు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పినదాన్ని. అయినా తప్పుకుంటాను. ఎదుటివాళ్ళ మొహం మారడం చూసే శ్రమ తప్పుతుంది.

"అటెందుకు తిరిగావు వదినా?"

"నీకు తెలీదూ? వెళ్ళు, టైమవుతోంది."

"ముత్తైదువ ఎదురొస్తే రెండుసార్లు పోయింది. ప్రయోగంలో ఒక్కటే మార్చి చూడాలని నువ్వే కదా చెప్పేదానివి. రా, ఎదురు రా."

గుమ్మంలో తోడికోడలు చెంబుతో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూశాను. ఆమె మెట్లు దిగి వచ్చి చెంబు నా చేతిలో పెట్టింది. "వెళ్ళక్కా. లేకపోతే ఈయన కదలరు."

ఒక చేతిలో కరివేపాకు, ఒక చేతిలో చెంబు. పన్నెండు అడుగులు నడిచానేమో. పాసయ్యాడు.

అది నా వల్ల కాదు, జగిత్యాల ఆయన మాట వల్ల. ఆ సంగతి అతనికీ తెలుసు. కానీ బండి వచ్చాక ప్రతి శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు కదా, దాన్ని గ్యారేజీ బయట పెట్టి, నేను ఎదురొచ్చేదాకా హారన్ కొట్టేవాడు. దాని క్లచ్ మోత గరిటెల సొరుగు లాగినట్టుంటుంది. చెడిపోయిందేమో చూపించమన్నాను. "దానికోసమే కొన్నాను," అన్నాడు. ఒకసారి చెత్త సంచీతో ఎదురొచ్చాను. దానికీ దణ్ణం పెట్టి బయల్దేరాడు. ఎంతసేపు తిరిగినా ఎప్పుడూ నెమ్మదిగానే నడిపేవాడని కాంపౌండ్ వాచ్‌మన్ చెప్పాడు. ఆ రెక్కలకి పని తగిలి ఉండదు.

ఆ సోమవారం కారులో వెళ్ళాడు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను, ఎదురు వెళ్ళలేదు. దానికీ దీనికీ సంబంధం లేదని పాఠం చెప్పినదాన్ని నేనే. అయినా రాస్తున్నాను.

బుధవారం ఆస్పత్రి శవాగారం దగ్గర మనవాళ్ళు చాలామంది చేరారు. అతన్ని సొంత ఊరికి పంపడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళే వ్యాను సిద్ధమైంది. ఎవరో పెద్దమనిషి నాతో మర్యాదగానే, "అమ్మగారూ, మీరు కాస్త పక్కకి రండి," అన్నాడు. అలవాటు ప్రకారం తప్పుకున్నాను.

వ్యాను వెనక కారులో కూర్చున్న మా తోడికోడలు అద్దం దించింది. "అక్కా, ఎదురు రా," అంది. "నువ్వు రాకపోతే ఆయన బయల్దేరరు."

ఆ గుంపులోనే ఉన్న జగిత్యాల ఆయన వ్యాను డ్రైవరు దగ్గరికి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. నేను నడిచాను. చేతుల్లో ఏమీ లేదు.

వ్యాను నన్ను దాటి మెయిన్ రోడ్డు ఎక్కింది. వాళ్ళ కంపెనీ కొత్తగా వేసిన రోడ్డు, ఇంకా పని పూర్తికాలేదు. రెండు వైపులా ఎర్ర కోన్లు వరసగా నిలబడి ఉన్నాయి. వ్యాను వాటి మధ్యనుంచి, ఒక్కదాన్నీ తాకకుండా, వెళ్ళిపోయింది.