సిగ్గుకు రెండు మాటలు

డిగ్రీ అయిపోయిన ఏడాది, వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయాను. మాది ఖిల్లా ఘణపూర్ దగ్గర పల్లె. కౌలు చేనులో పల్లికాయ పీకే పనులు నడుస్తున్నా, అమ్మ ఆ పూట మానుకుని నా వెంట వచ్చింది. తీరా బడికి చేరాక, "నువ్వు పో బిడ్డా, నేనీడ్నే కూసుంట" అని వరండా మెట్ల మీద కూర్చుండిపోయింది. లోపలికి రమ్మని నేనూ అనలేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ ఇంగ్లిషులో మొదలుపెట్టారు. పేరు, చదువు ఎట్లాగో చెప్పాను. వెంట ఎవరు వచ్చారంటే మదర్ అన్నాను. ఆమె ఏం చేస్తారని అడిగారు. కౌలు సేద్యమని చెప్పాల్సింది రెండు ముక్కలే, నేను సర్టిఫికెట్ల ఫైలు సర్దుకుంటూ కూర్చున్నాను. ఎందుకు మాట్లాడవని ఆమె మళ్లీ అడిగితే, సిగ్గుగా ఉందని చెప్పబోయి "ఐ యామ్ అషేమ్డ్, మేడమ్" అన్నాను.

ఆమె కిటికీలోంచి అమ్మ వైపు చూశారు. నా వైపు తిరిగి తెలుగులోకి వచ్చారు.

"అషేమ్డా? షై అనబోయినవా?"

"రెండూ సిగ్గే కద మేడమ్?"

"రెండు ఒకటెట్లయితయమ్మా? కొత్తోళ్ల ముందట నోరు రాకుంటే షై. మనది తక్కువని తల దించుకుంటే అషేమ్డ్. నీది ఏది?"

షై అంటే అయిపోయేది. అనలేకపోయాను. బిడియం అనే మాట పుస్తకాల్లో చదివాను గానీ మా ఇంట్లో అన్నిటికీ సిగ్గే. నాలో ఉన్నదేదో నాకే అంతుపట్టలేదు.

"తెల్వదు మేడమ్" అన్నాను.

తిరుగు బస్సులో అమ్మ అడిగింది, "ఏమడిగిన్రే?"

"సిగ్గు గురించి. అమ్మా, నువ్వు లోపటికెందుకు రాలే?"

"సిగ్గయింది బిడ్డా."

"ఎట్లాంటి సిగ్గు?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "సిగ్గంటే సిగ్గే. దాంట్ల రకాలుంటయా?"

కొత్తవాళ్లని జంకిందా, తన వల్ల నాకు చిన్నతనమవుతుందని ఆగిపోయిందా? అడగడానికి నోరు రాలేదు.

వారానికి ఫోన్ వచ్చింది. రెండో తరగతికి నన్ను తీసుకున్నారు. చేరేరోజు బడి దాకా వస్తానన్న అమ్మ, వనపర్తి బస్టాండులో దిగగానే ఆగిపోయింది. చేన్లో పనుందని, అటునుంచటే తిరుగు బస్సెక్కింది. నిజంగా పనుండే పోయిందో లేదో నాకిప్పటికీ తెలియదు.