నిద్రలో తన్నే కాళ్లతో విజయనగరం

మధ్యాహ్నం మూడున్నరకు శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కాం, నేనూ నా భార్య రమణమ్మా. నా ఒళ్లో గాలి మిషన్ సంచి. పన్నెండేళ్లు కాలేజీ బస్సు నడిపినవాణ్ణి, ప్రయాణికుడిగా కూర్చోవడం నాకు చేతకాదు. ముందు లారీ నెమ్మదించినప్పుడల్లా నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

మూడు నెలల క్రితం రణస్థలం దగ్గర స్టీరింగు మీదే కునుకు పట్టేసింది. బస్సు రోడ్డు దిగి ఇసుకలో ఆగింది. ఖాళీ బండి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతోందని పరీక్షలో తేలింది. రాత్రిళ్లు మాస్కు పెట్టుకుని, మిషన్ గాలితో పడుకోమన్నారు. గురక పోయింది గానీ కాళ్లు తన్నడం మొదలైంది. డాక్టరు కాగితం తెస్తేనే మళ్లీ బస్సు ఇస్తామన్నారు కాలేజీవాళ్లు. అందుకే ఈ రెండో పరీక్ష.

చిలకపాలెంలో ఎక్కిన ఒక ముసలామె రమణమ్మ పక్కన కూర్చుంది. చీర అంచు కింద కమిలిన పిక్క చూసి, "ఏటైనాదమ్మా?" అని అడిగింది.

"గడప తగిలినాది" అంది రమణమ్మ.

ఆ గడప నేనే. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఐదున్నరకు విజయనగరం చేరాం. బస్టాండు ఎదుట హోటల్లో ఇడ్లీ తిన్నాం. టీ వద్దన్నారని రమణమ్మ నా గ్లాసు లాగేసుకుంది. ఎనిమిదింటికి ఆసుపత్రిలో టెక్నీషియన్ అమ్మాయి తలకీ, ఛాతీకీ, రెండు పిక్కలకీ తీగలు అతికించి, నా మిషన్ మాస్కు తగిలించి, "మామూలుగా పడుకోండి బాబూ" అంది. పిక్కల్లో చీమలు పాకుతున్నట్టుంది. ఎంతసేపు దొర్లానో, ఎప్పటికో నిద్ర పట్టింది. రమణమ్మ బయట బెంచీ మీదే పడుకుంది. ఈ పరీక్షకు వెళ్లేవారు తోడొచ్చినవారికి ఒక దుప్పటి పట్టుకెళ్లండి.

ఉదయం పదింటికి డాక్టరమ్మ వీడియో చూపించింది. బొటనవేలు పైకి లేస్తోంది, మోకాలు ముడుచుకుంటోంది, ఒక్క తాపు. కాసేపాగి మళ్లీ. ముఖం మాత్రం ఏమీ ఎరగనట్టుంది. ఆ మనిషి నేనేనంటే నమ్మబుద్ధి కాలేదు.

"ఊపిరి బాగుంది. కాళ్ల కదలిక ముందునుంచీ ఉండి ఉండొచ్చు, ఊపిరి సర్దుకున్నాక బయటపడింది. కొందరికి మెల్లగా తగ్గుతుంది. వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

మాస్కుతో ముక్కు దిబ్బడేస్తోందని రోజూ జలుబు మాత్ర వేసుకుంటున్నానని చెప్పాను. అలాంటి మాత్రలతో కొందరికి కాళ్లు ఇంకా ఎక్కువ కదులుతాయట. అది ఆపించి, ముక్కుకు వేరే మందూ, రక్తంలో ఐరన్ పరీక్షా రాసింది. ఆఖరున, "పగలు కునుకు వస్తోందా?" అంది.

'లేదు' అని చెబితే కాగితం చేతికొచ్చేది. వారం నుంచి ఆ ఒక్క మాటే సిద్ధం చేసుకున్నాను. రమణమ్మ నేల చూస్తోంది. బస్సు నిండా కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు.

"వస్తన్నాదండి. మొన్న అన్నం కాడ కూడా వచ్చినాది."

డాక్టరమ్మ పెన్ను మూసింది. "నెల తర్వాత రండి, కాగితం సంగతి అప్పుడు చూద్దాం."

పదకొండున్నరకు తిరుగు బస్సు దొరికింది. బస్సు నాతవలస దాటింది.

"ఒసే, నువ్వు వేరే గదిలో పడుకో. ఎన్ని తాపులని తింతావు?" అన్నాను.

"మిషన్ రాకముందు నీ ఊపిరి ఆగిపోతే, మళ్లీ వస్తాదో రాదో అని సెవి పెట్టుకుని కూకునేదాన్ని మావా. ఇప్పుడు తన్నితే, ఉన్నాడులే అనుకుని అటు తిరిగి పడుకుంతన్నాను. నానెక్కడికీ పోను. మజ్జిలో తలగడ ఎట్టుకుందాం."

రణస్థలం వచ్చేసరికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. బెంచీ మీద రాత్రంతా ఆమెకు నిద్ర లేదని అప్పుడు తెలిసింది. ఇంకో నెల ఇంట్లో ఎలా కూర్చోవాలో తోచక, శ్రీకాకుళం దాకా నా కాళ్లు ఒకచోట నిలవలేదు. భుజం మాత్రం కదపలేదు.