మా ఆయన కార్డు బిగించిన వైనం

మా ఆయన ఉద్యోగరీత్యా బ్యాంకు గుమాస్తా. ఇంట్లో మాత్రం సకల యంత్రాలకూ వైద్యులు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గోడ గడియారం, ఏదీ ఆయన చేయి తప్పించుకోలేదు. తిరిగి బిగించాక మిగిలిన మరలన్నీ ఖాళీ కాఫీ సీసాలో దాస్తారు. "కంపెనీవాళ్ళు అనవసరంగా ఎక్కువ పెడతారు" అంటారు. గడియారం ఆ రోజునుంచీ నడవడం లేదనుకోండి, అది దాని ఖర్మ.

నేను ఇళ్ళ లోపలి గదుల బొమ్మలు కంప్యూటర్లో గీస్తాను. ఇన్నాళ్ళూ వేరే ఒకావిడ పేరు మీద గీశాను. మొదటిసారి ఒక బిల్డరు గారు నేరుగా నన్నే అడిగారు. గదిలో మనమే నడుస్తున్నట్టు బొమ్మ తిరగాలట. ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చి చూస్తారట, నచ్చితే కట్టబోయే ఇళ్ళ పనంతా నాకేనట. మా పాత కంప్యూటరేమో ఆ బొమ్మ తిప్పబోతే ఆయాసపడి ఆగిపోతోంది. అందుకే గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. షాపతను తనే వచ్చి బిగిస్తానన్నాడు. మా ఆయన ఒప్పుకుంటేగా!

"నేనుండగా వాడెందుకే?"

ఆదివారం పొద్దున్నే సీపీయూ మూత విప్పి, కార్డును గాడిలో కూర్చోబెట్టి, మహా ఠీవిగా స్విచ్చి నొక్కారు. లోపల ఫ్యాన్లు తిరిగాయి. మానిటరు మాత్రం నల్లగా ఉండిపోయింది. కార్డు పీకితే బొమ్మ వస్తుంది, పెడితే పోతుంది.

"ఏవండీ, మానిటరు వైరు ఇంకా పాతచోటే ఉంది. కార్డు వెనకాల కూడా అలాంటి చోటుంది కదా, దానికి పెట్టాలేమో."

"నీకు తెలీదు, ఊరుకో. ఇన్నేళ్ళు అక్కడే పనిచేసిన వైరు ఇవాళెందుకు చెయ్యదు?"

బ్యాంకులో ఉండీ ఉండీ వైర్లకు కూడా సర్వీసు లెక్కలు కడుతున్నారు. పోనీ నేనే పెడదామంటే షాక్ కొడుతుందని గుమ్మం దాటనివ్వలేదు. చివరికి కార్డు చచ్చిందని తీర్మానించి, దాన్ని పీకి సంచీలో వేసుకుని షాపతనితో పోట్లాటకు బయల్దేరారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం బిల్డరు గారు రానే వచ్చారు. టీ ఇచ్చాను. వాతావరణం గురించి మాట్లాడాను. ఆయన చేతి గడియారం చూసుకుంటుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. "ఇంకోసారి వస్తాలెండమ్మా" అని లేవబోతుండగా మా ఆయన ఊడిపడ్డారు. మొహం మాడిపోయి ఉంది. వస్తూనే కార్డు గాడిలో పెట్టారు. పాతచోటునుంచి వైరు పీకి కార్డుకు తగిలించారు. నా వైపు చూస్తే ఒట్టు.

బొమ్మ వచ్చింది! గది గుమ్మందాకా, గుమ్మంనుంచి కిటికీదాకా హాయిగా తిరిగింది. బిల్డరు గారు రెండోసారి కూడా తిప్పించుకుని చూశారు.

"బావుందమ్మా. రేపే మొదలుపెట్టేయండి" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత బిల్డరు గారు మా ఆయన వైపు తిరిగారు. "మా ఆఫీసులోనూ ఇలాంటి కార్డే పెట్టాం సార్, మానిటరు నల్లగా ఉంటోంది. ఇది మీరే బిగించారా?"

అయిపోయింది, ఇక ఉపన్యాసమే అనుకున్నాను.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "బిగించింది నేనేనండీ. వైరు ఎక్కడ పెట్టాలో చెప్పింది మాత్రం మా ఆవిడ. పొద్దున్నే చెప్పింది."

"ఏమన్నారూ?" అన్నాను. నాకు శుభ్రంగానే వినపడింది.

"విన్నావుగా" అని గొణిగి, చేతిలో మిగిలిపోయిన మరను తీసుకెళ్ళి కాఫీ సీసాలో వేశారు.