జుబైల్ బజారును నేను చంపిన శుక్రవారం

ఒక బజారును ఒక్క సాయంత్రంలో, ఒక్క దెబ్బ కొట్టకుండా ఎలా చంపాలో నాకు తెలుసు. గల్ఫ్ యుద్ధం వల్ల కూడా కాని పని అది. నెత్తిమీద క్షిపణులు పోతున్న రోజుల్లో కూడా సౌదీలోని మా జుబైల్ బజారులో సమోసాలు వేగుతూనే ఉండేవి. గ్యాస్ మాస్కు దొరికినవాడు మాస్కుతో, దొరకనివాడు మూతికి తడి తువ్వాలతో బేరాలాడేవాడు. అలాంటి బజారును, యుద్ధం అయిపోయి లోకమంతా ఊపిరి పీల్చుకున్నాక, నేను చంపాను.

అప్పట్లో నేనొక ప్లాంటులో ఏసీ మెకానిక్‌ని. చదువు ఏడో తరగతిలో ఆగింది. నేను మానేశానని మా ఇంట్లో అంటారు గానీ, లెక్కల పంతులూ నేనూ ఒకరినొకరం మానేశాం. ప్లాంటు ఆఫీసులో ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లుండేవారు. ఒకాయనది హ్యూస్టన్, ఆయనే బాసు. ఇంకొకాయనది షికాగో. అసలు పేర్లు మాకు నోరు తిరగక ఊళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. వాళ్లిద్దరికీ రోజూ ఒకటే పంచాయితీ, ఎవరి ఊరి డౌన్‌టౌన్ కళకళలాడుతుందని. డౌన్‌టౌన్ అంటే ఊరి నడిబొడ్డు. నేను ఏసీ ఫిల్టర్ దులుపుతున్నట్టు నటిస్తుంటే, హైదరాబాదీ డ్రైవర్ సత్తార్ భాయ్ చాయ్ తాగుతూ నా చెవిలో తర్జుమా చేసేవాడు.

"షికాగో సాబ్ ఏమంటుండంటే, హ్యూస్టన్‌ల సాయంత్రమైతే రోడ్డు మీద కుక్క గూడ కనబడదంట. పగటిపూట జనం ఎండకు భయపడి ఎలుకల్లెక్క భూమి కింద సొరంగాలల్ల నడుస్తరంట."

"మరి మన బాసు ఊకుంటడా?"

"షికాగోల జనం తిరుగరు, గాలికి కొట్టుకపోతరు, దాన్నే మీరు రద్దీ అనుకుంటున్నరు అంటుండు."

న్యూయార్క్ మాటొస్తే మాత్రం ఇద్దరూ అన్నదమ్ములై తిట్టేవారు. లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ ఎక్కడుందో ఆ ఊరివాళ్లకే తెలియదని తేల్చేశారు. అలా వినీ వినీ నేను అమెరికా నగరాల మీద పండితుణ్ని అయిపోయాను. క్యాంపులో అన్నం కలుపుకుంటూ ఒక్కో ఊరికి మార్కులు వేసేవాణ్ని. డెన్వర్ ఏ దిక్కున ఉందో తెలియకుండానే దాన్ని ఫెయిల్ చేశాను.

ఇక్కడ నా స్వార్థం కూడా చెప్పాలి. ఆఫీసు ఏసీలు చూసుకునే ఫిలిప్పీన్స్ మనిషి ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఇంటికి పోయాడు. ఆ కుర్చీ ఖాళీ, ఎవరో ఒకరిని వేసేదాకా నేను చూస్తున్నాను. పొద్దంతా చల్లగాలి, మధ్యలో చాయ్. అది దొరకకపోతే షట్‌డౌన్ పనికి పోవాలి. అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేసేటప్పుడు, ఎర్రటెండలో, ఇనుప పైపుల మధ్య జొన్నరొట్టెలా రెండువైపులా కాలాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎక్కడ కాలాలో చెప్పేది హ్యూస్టన్ సారే.

ఒకరోజు ఆయన, "ఈ జుబైల్‌కి డౌన్‌టౌనే లేదు, చచ్చిన ఊరు" అన్నాడు. సత్తార్ భాయ్ తర్జుమా పూర్తయ్యేలోపే నాలో పౌరుషం లేచింది.

"సార్! ఫ్రైడే బజార్ కమ్! జుబైల్ నంబర్ వన్. షికాగో జీరో. హ్యూస్టన్..." అని, కుర్చీ గుర్తొచ్చి, "హ్యూస్టన్ నంబర్ టూ!" అన్నాను.

ఇద్దరూ పడీ పడీ నవ్వి, వస్తామన్నారు.

నాది ఉత్త గొప్ప కాదు. శుక్రవారం సాయంత్రం మా బజారు చూడాలి మీరు! ఆర్మూరు వాళ్లు బేకరీ ముందు, జగిత్యాల వాళ్లు గడియారాల దుకాణం ముందు, కోరుట్ల వాళ్లు వాళ్లిద్దరికీ అడ్డంగా. ఇంటికి పోయేవాడికి సామాను అంటగట్టేవాళ్లు, వచ్చినవాణ్ని పట్టుకుని ఊరి సంగతులు పిండేవాళ్లు, ఏ పనీ లేక ఊరికే అరిచేవాళ్లు. అంతటితో వదిలేస్తే బాగుండేది. కానీ సారు ముందు మనోళ్లు చింపిరి జుట్టుతో, లుంగీలతో కనబడితే ఎలాగని నాకు బెంగ పట్టుకుంది. నా గదిలోనే ఉండే, నేనే పని నేర్పిన లింబాద్రిని పిలిచాను.

"లింబన్నా, శుక్రారం బజార్లకు అమెరికా సారు వస్తుండు. మనోళ్లందరిని ఇస్త్రీ బట్టలేసుకొని రమ్మను."

"ఎందుకొస్తుండే?"

"మనోళ్లను చూడనీకి."

లింబాద్రి తలుపు దాకా వెళ్లి ఆగాడు. "అందరికి చెప్పాల్నా?"

"ఎంతమంది వస్తే అంత మంచిది."

గల్ఫ్‌లో ఒక సారు వస్తున్నాడు, నీటుగా రండి అంటే దానికి ఒకే ఒక్క అర్థం ఉంటుందని, ఆ గల్ఫ్‌లోనే ఏళ్లుగా ఉంటున్న నాకు తట్టలేదు.

శుక్రవారం సాయంత్రం కారు దిగాం. బజారులో చప్పుడు లేదు. బేకరీ నుంచి మసీదు మలుపు దాకా ఒకటే లైను. తలకు నూనె, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పాస్‌పోర్ట్ ఫోటోలు, ఇకామా అనే నివాస కార్డు జిరాక్సు. వెల్డర్లు ముందు, ఫిట్టర్లు వెనక, మిగిలిన విద్యలన్నీ ఆ తర్వాత. క్షౌరశాల యజమాని షట్టరు దించి మరీ నిలబడ్డాడు. ఒక పాకిస్తానీ వచ్చి "కౌన్సీ కంపెనీ హై భాయ్?" అని అడిగి, జవాబు వినకుండానే వెనకాల చేరాడు.

షికాగో సారు ఏదో గొణిగాడు. సత్తార్ భాయ్ నా వైపు తిరిగాడు.

"సాబ్ అడుగుతుండు, ఎవరన్న సచ్చిపోయిండ్రా అని."

నేను లైను వెంట పరిగెత్తాను. "ఏయ్, గిట్ల నిలబడ్డరేందిరా! తిరుగుండ్రి! ఏమన్న కొనుండ్రి! కనీసం నవ్వుండ్రి!"

నవ్వారు. ఎవడి జాగాలో వాడు కదలకుండా, ఫోటోకి నవ్వినట్టు, అందరూ ఒకేసారి నవ్వారు. ఎవడో నా చొక్కా పట్టుకుని, "గంగారాం, అడ్డం రాకు. మధ్యల దూరితే మర్యాదుండదు" అన్నాడు. ఒక పోలీసు జీపు వచ్చి నెమ్మదించింది. లైను ఇంకాస్త నిటారుగా అయింది. అంత చక్కటి లైను సర్కారుదే అయి ఉంటుందనుకుని జీపు వెళ్లిపోయింది.

అమెరికన్లిద్దరికీ మొదటిసారి ఒక మాట మీద రాజీ కుదిరింది. తాము చూసిన డౌన్‌టౌన్లన్నిటిలో ఇదే నిశ్శబ్దమైనదట.

కానీ హ్యూస్టన్ సారు పనిరాక్షసుడు. వీళ్లంతా ఉద్యోగానికి నిలబడ్డారని సత్తార్ భాయ్ చెప్పగానే, వచ్చిన వేళ వృథా ఎందుకని లైను వెంట నడుస్తూ కవర్లు చూడసాగాడు. ఒకచోట ఆగాడు. మా కంపెనీ మనిషే, ఏసీ పని తెలిసినవాడే, తెల్లచొక్కాలో పెళ్లికొడుకులా ఉన్నాడు. లింబాద్రి! సారు అతని భుజం తట్టి, రేపట్నుంచి ఆఫీసులో ఏసీలు చూసుకోమన్నాడు.

"సార్! నేను! ఐ సార్! ఐ ఏసీ మెకానిక్!" అని గుండెలు బాదుకున్నాను.

సారు ఎంతో ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు. సత్తార్ భాయ్ మొహం తిప్పుకుని తర్జుమా చేశాడు.

"నీకు జనంల, బయట తిరుగుడంటే పానమని సాబ్‌కు సమజైందంట. నీ అసుంటోణ్ణి లోపల కూసోబెడితే పాపమంటుండు. అందుకే షట్‌డౌన్‌కు నీ పేరే ముందుగాల రాసుకున్నడంట."

ఆ ఎండాకాలమంతా నేను పైపుల మధ్య కాలాను. లింబాద్రి ఆఫీసులో చలిపెడుతోందని స్వెట్టరు కొనుక్కున్నాడు.

అందుకే పాఠకులారా, ఆ షట్‌డౌన్ ఎండ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను. ఏ ఊరి గొప్ప గురించీ ఈ జన్మలో నోరు విప్పను. డెన్వర్‌ను కూడా పాస్ చేసేశాను. ఇక లైను కనబడితే, ఎందుకని అడగను. ముందు నిలబడతాను.