దగ్గుల బండి

నాలుగో తరగతితో నేను బడి మానేశాను. అప్పుడు మాకు చదువంతా ఉర్దూలో. సారు ఉర్దూలో లెక్కలు చెబుతుంటే నాకు తెలుగులో నిద్ర వచ్చేది. వీడు ఎలాగూ కునికేవాడే, ఏదో ఒక పని దగ్గర కునికితే ఇంటికి నయమని మా నాయిన నన్ను తీసుకుపోయి జనగామ స్టేషన్ దగ్గర సైకిల్ దుకాణంలో పెట్టాడు. కొన్నేళ్లకు దుకాణం ముసలాయన చేతులు వణికి పని మానుకుంటే అది నా చేతికే వచ్చింది. చక్రాలకు వంకర తీసేవాణ్ని, మనుషులకు వంకలు పెట్టేవాణ్ని. రెండో పనిలోనే నాకు ఎక్కువ పేరు.

నా వంకలు అందరికంటే ఎక్కువగా భరించినవాడు మా బావ, అంటే మా అక్క పెనిమిటి. ఆయనది చిట్యాల దిక్కు. జనగామలో మిషన్ దవాఖానలో కంపౌండర్. బావతో బామ్మర్ది పరాచికాలాడడం మా దగ్గర హక్కు. ఆ హక్కును నేను ఒక్కపూట కూడా వృథా పోనివ్వలేదు.

బావకు ఒక ఫట్‌ఫటి, అంటే మోటారు సైకిల్, ఉండేది. దవాఖాన పెట్టిన తెల్లదొర తన దేశం వెళ్లిపోతూ దాన్ని ఆయనకు అప్పగించి పోయాడు. కిక్కు కొట్టే ముందు బావ టోపీ తీసి, బట్టతల వంచి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. బండి స్టార్టయితే దేవుని మహిమ, కాకపోతే బామ్మర్ది పనితనం. మాదీ ప్రార్థనకు పోయే ఇల్లే కాబట్టి నేను ఈ లెక్కను ఎదిరించలేకపోయేవాణ్ని.

ఆ బండి డుగుడుగుమని పోతూ పోతూ మధ్యలో గొంతు సవరించుకుని "ఖళ్ళుక్" అనేది. అచ్చం చుట్ట తాగే ముసలాయన పొద్దున్నే అరుగు మీద కూర్చుని దగ్గినట్టు. దగ్గినప్పుడల్లా వెనక నుంచి నీలం పొగ. చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని దగ్గుల బండి అనేవాళ్లు. నీ దగ్గర ఇన్ని సీసాల దగ్గుమందు ఉంది, జర దీని పెట్రోల్ డబ్బాలో కూడా పోయరాదా అని నేను బావను రోజూ అడిగేవాణ్ని.

అది సంఘం జమానా, సాయుధ పోరాటం రోజులు. నేను తుపాకి పట్టినవాణ్ని కాను, పాట కట్టినవాణ్ని కాను. పానా పట్టుకుని బతికాను. కానీ ఆ రోజుల్లో లారీ చప్పుడు వింటే ఊళ్లు ఏమయ్యేవో నాకూ తెలుసు. లారీ అంటే తుపాకుల పోలీసులు. దొరికిన మగవాళ్లను కట్టేసి కొట్టేవాళ్లు, గడ్డివాములకు నిప్పు పెట్టిపోయేవాళ్లు. అందుకే ఇంజన్ చప్పుడు చెవిన పడగానే పల్లెకు పల్లె జొన్నచేలలో మాయమయ్యేది.

లింగాల ఘనపూర్ దాటాక వాగు అవతల ఒక పల్లెలో ఒక అవ్వ ఉండేది. ఆమె వీపు మీద రాచపుండు లేచింది. బావ దాన్ని కోసి, చీము తీసి, రోజు విడిచి రోజు వెళ్లి కట్టు మార్చేవాడు. కట్టు ఆగితే పుండు లోపలికి తింటుందని, తింటే అవ్వ దక్కదని ఆయన మా అక్కతో అంటుంటే నేను విన్నాను. సరిగ్గా అప్పుడే దగ్గుల బండి వాగు ఇవతలి గట్టు మీద గట్టిగా ఒక దగ్గు దగ్గి ఊరుకుంది. ఎడ్లబండి మీద ఇంటికి వచ్చింది.

అక్క వాకిట్లో గోనెసంచి పరిచి ఇంజన్ విప్పాను. సిలిండర్ లోపల అరిగి వెడల్పయిపోయింది. పిస్టన్ అందులో బియ్యం డబ్బాలో వేసిన సోలలాగా లొడలొడలాడుతోంది. వాల్వు కూర్చునే చోటు చెడి సందు పడింది. దగ్గు వస్తున్నది ఆ సందులోంచే. అక్క పిస్టన్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, చాయ తాగడానికి బాగుంటుందంది.

ఇక ఉన్నవి రెండు దారులు. మానుకోటలో ఒక బియ్యం గిర్ని ఉంది, అక్కడ లేతు మిషను ఉంది. సిలిండర్‌ను అక్కడికి మోసుకుపోయి, లోపల కోయించి, కొత్త తొడుగు వేయించి, పాత ఇంజన్‌నే బాగుచేసుకోవడం ఒకటి. దానికి ఎన్నాళ్లు పడుతుందో గిర్ని మేస్త్రీ దయ. రెండోది, యుద్ధం అయిపోయాక సికింద్రాబాదులో కుప్పలు పోసి అమ్ముతున్న మిలిట్రీ సామానులో నుంచి ఒక ఇంజన్ తెచ్చి ఇందులో బిగించడం. నేను రెండోదాని వైపు. మిలిట్రీ ఇంజన్‌ను ముట్టుకోవాలని నా చేతులు అప్పటికే దురదపెడుతున్నాయి.

బావ మొఖం వేలాడేశాడు. "దొర ఇచ్చిన బండిరా బామ్మర్ది. గుండె తీసేసినంక అది గా బండేనా?"

"మీ దవాఖానల పుండ్లు కోసుడే వచ్చు బావా. గుండెలు మార్చుడు నా దుకాణంల."

తీర్పు అక్కే చెప్పింది. అవ్వ వీపు దొరనూ చూడదు, గుండెనూ చూడదు, ఏది జల్దీ అయితే అది చేయమంది. బావ సరేనన్నాడు. ఇంజన్ వచ్చేదాకా నా సైకిల్ మీద ఆ ఊరికి పోయి వచ్చాడు. పొద్దున పోతే పొద్దుగూకేవేళకు తిరిగొచ్చేవాడు. టైర్లలో ఎన్ని తుమ్మముళ్లుండేవంటే, నువ్వు దారిలో నడిచావా, కంచెలో నడిచావా అని నేను అడగకుండా ఉండలేకపోయాను. ఆయన నవ్వలేదు. మిగతా ఊళ్ల రోగులు దవాఖాన గడపలో కూర్చుని ఉన్నారు.

మిలిట్రీ ఇంజన్ వచ్చింది. పట్టీలు కోసి, కొత్త బెజ్జాలు వేసి బిగించాను. ఒక్క కిక్కుకు అందుకుంది. దగ్గు లేదు, పొగ లేదు, ధన్ ధన్ ధన్‌మని గుండెలదిరే చప్పుడు. ప్రార్థన సగంలోనే స్టార్టయితే ఎలా అని బావ కాస్త నొచ్చుకున్నాడు కూడా. మందుల పెట్టె ముందు కట్టి, వెనక నన్ను ఎక్కించుకున్నాడు. దుమ్ముకు కళ్లద్దాలు, ఎండకు టోపీ, ఒంటి మీద ఖాకీ కోటు. నా పనితనం చూసుకుంటూ నేను ఊరు చేరేదాకా ఈలవేస్తూనే ఉన్నాను.

ఊళ్లో మనిషి లేడు. పొయ్యిలు మండుతున్నాయి. ఒక ఇంట్లో జొన్న గట్క పొంగి పొయ్యిలో పడుతుంటే నేనే పోయి కుండ దించాను. అవ్వ ఇంటికి పోతే నులక మంచం ఖాళీగా ఉంది. పక్క మీద కట్టు గుడ్డ ఊడి పడి ఉంది. పక్క మీద నుంచి లేవలేని మనిషి ఎక్కడికి పోయిందని బావ నా వైపు చూశాడు. నేను జొన్నచేను వైపు చూశాను. జొన్న మనిషెత్తు ఉంది, గాలి లేకపోయినా ఊగుతోంది.

అంతలో వడిసెల రాయి ఒకటి వచ్చి పెట్రోల్ డబ్బాకు ఠంగున తగిలింది. నేను బండి చాటుకు, బావ నా చాటుకు చేరాం.

"నేను కంపౌండర్ను" అని బావ చేను వైపు అరిచాడు.

చేనులో నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. "కంపౌండరువైతే దగ్గు."

మా బావ నిలబడి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని దగ్గాడు. దవాఖానలో రోజంతా ఇతరుల దగ్గు వినే మనిషి, ఎంతో బాగా దగ్గాడు. చేనులో కాసేపు గుసగుసలు నడిచాయి.

"నువ్వు గాదు. బండి దగ్గాలె."

ఇక భారం నా మీద పడింది. ఇంజన్ నడుస్తుండగా స్పార్కు వైరు లాగి మళ్లీ పెడితే ఒక దగ్గయినా వస్తుందనుకున్నాను. వచ్చింది. కానీ మిలిట్రీ ఇంజన్‌కు దగ్గు కూడా మిలిట్రీదే. పొగగొట్టంలోంచి తుపాకి పేలినట్టు ధాం అంది. చేనంతా ఒక్కసారి నేలకు అతుక్కుంది. తర్వాత రాళ్లు ఒకటి కాదు.

ఒక రాయికి బావ టోపీ ఎగిరిపోయింది. ఎండలో ఆయన బట్టతల తళుక్కుమంది. రాళ్లు ఆగాయి. చేనులో నుంచి ముసలి గొంతు, నీరసంగా, "ఆగుర్రి బిడ్డా. గుండు మనోనిదే" అంది. ఇన్నేళ్లుగా ఆ బట్టతల మీద నేను వేసిన జోకులన్నీ ఆ రోజు వెనక్కి తీసుకుందామనుకున్నాను. మళ్లీ మనసు రాలేదు.

ఇద్దరు ఆడవాళ్లు అవ్వను చెరో రెక్క పట్టి తెచ్చారు. వాళ్ల కొంగుల్లో కారంపొడి మూటలున్నాయి. మేం ఇంకో రెండడుగులు ముందుకు వేసి ఉంటే అది మా కళ్లలో ఉండేది. అవ్వ వీపు మీద పుండులో మన్ను, జొన్నాకు నలుసులు. బావ చాలాసేపు కడిగాడు. అవ్వ పళ్లు బిగబట్టుకుని పడుకుంది. కట్టు పూర్తయ్యాక ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాయినా, ఇంకోపారి గీ బండి మీద రాకు. పుండుతోని సస్తనో బతుకుతనో గని, గీ చప్పుడుకు మాత్రం నేను ఉరుక్కుంటనే సస్త. గా దగ్గుదే మంచిగుండె."

వాగు దాటేదాకా బండిని నెట్టుకుంటూ వచ్చాం. బావ ఒక్కమాట కూడా అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నేనొకటి అనడానికి వీలుండేది. ఆ ఊరికైతే వాగు దగ్గర బండి ఆపి నడిచి పోవచ్చు. కానీ జఫర్‌గఢ్ దాకా అన్ని ఊళ్లలోనూ ఇదే భయం. నేను బిగించిన ఇంజన్ ఎంత బాగా నడిస్తే రోగులు అంత దూరం పారిపోతారు. దారిలో నేనే చెప్పాను, పాతదాన్నే బాగుచేద్దాం బావా అని.

బావ సైకిలూ ముళ్లూ మళ్లీ మొదలుపెట్టాడు. నేను సిలిండర్, పిస్టన్ సంచిలో వేసుకుని మానుకోట బయలుదేరాను. కాజీపేటలో రైలు మారుతుంటే ఒక జవాను లాఠీతో సంచిని పొడిచి, అందులో ఏముందన్నాడు. పిస్టన్ అన్నాను. ఆయనకు పిస్తోల్ అని వినబడింది. క్షణంలో నా చుట్టూ నలుగురు. సంచి బోర్లించారు. చాయ గ్లాసులాంటి ఆ వస్తువును ఎత్తి, తిప్పి, లోపల వేలు పెట్టి చూశారు. గుండు ఎక్కడ పెడతారని ఒకాయన నిజంగానే అడిగాడు. ఇది పిస్తోలే అయితే దీనితో ఈగను కొట్టినా అది నవ్వి పోతుంది సాబ్ అన్నాను. నా అదృష్టం, వాళ్లలో పెద్దాయనకు నవ్వొచ్చింది. సంచి నా మీదికి విసిరి పొమ్మన్నాడు.

గిర్నిలో మేస్త్రీ నన్ను తవుడు బస్తాల మీద కూర్చోబెట్టి, వడ్ల పని అయ్యాకే నీ పని అన్నాడు. నా నోటిపోరు పడలేకే తొందరగా ముగించాడని నా నమ్మకం. సిలిండర్‌లో కొత్త తొడుగు, దానికి సరిపడా పిస్టన్, రింగులు. జనగామకు వచ్చి వాల్వులు నేనే నూరి సందు మూశాను. అంతా బిగించి, బావను ప్రార్థన చేసుకోమన్నాను. కిక్కు కొట్టాడు. డుగుడుగుడుగు. పాత గొంతే, కానీ పాలు తాగిన పిల్లిలాగా మెత్తగా. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి.

వంటింట్లోంచి అక్క అడిగింది. "దగ్గేది?"

దగ్గు వచ్చే సందును నేనే నూరి నూరి మూసేశాను. జబ్బు నయం చేసి బండి పేరు పోగొట్టాను.

బండి చుట్టూ తిరుగుతుంటే హ్యాండిల్ మీద చిన్న మీట కంటపడింది. ఇంజన్‌లోకి పోయే గాలిని ఎక్కువ తక్కువ చేసే మీట. మిలిట్రీ ఇంజన్‌కు ఇది పని చేయలేదు, పాతదానికి చేస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ పలచబడుతుంది, పలచబడితే ఇంజన్‌కు పొలమారుతుంది. మీటను కొంచెం జరిపాను. "ఖళ్ళుక్." వెనక్కి తెచ్చాను, డుగుడుగు. మళ్లీ జరిపాను, ఖళ్ళుక్.

ఇక బావకు దగ్గించడం నేర్పించాలి. ఆయన వాకిట్లో బండి మీద కూర్చుని సాధన, అక్క వంటింట్లోంచి పరీక్ష. గిది కుక్క తుమ్మినట్టుంది అనేది. గిది మేక సకిలించినట్టుంది అనేది. మేక సకిలించదని బావ అంటే, అందుకే చెబుతున్నా అంది. చివరికి ఒకసారి రొట్టె తిప్పుతూ తిప్పుతూ, "ఆఁ, గదీ మా ఆయన బండి" అంది. మేం పాసయ్యాం. నా చదువులో నేను పాసయిన పరీక్ష అదొక్కటే.

మిలిట్రీ ఇంజన్‌ను జనగామలోనే ఒక గిర్నికి తగిలించాను. అది మిరపకాయలు పట్టేది. ఆ కారం ఎవరెవరి కొంగుల్లోకి పోయిందో నేను అడగలేదు.

తర్వాత అవ్వకు కట్టు మార్చడానికి నేనూ వెనక ఎక్కి పోయాను. వాగు దాటగానే బావ మీట జరిపాడు. ఖళ్ళుక్. నేను బావ భుజం మీదుగా చూశాను. మిరపచేనులో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుం ఎత్తలేదు. ఒకామె చెయ్యి మాత్రం ఊపింది, వంగినట్టే ఉండి. అరుగు మీద ముసలివాళ్లు మాట ఆపలేదు. దారికి అడ్డంగా పోతున్న కోడిపెట్ట కూడా తొందరపడలేదు.

అవ్వ మంచంలోనే ఉంది. పుండు అంచులు ఎర్రగా కొత్త చర్మం పట్టడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది కానీ, పట్టింది. ఒకరోజు ఆమె మొదటిసారి గోడకు వీపు ఆనించి కూర్చుని మాకు కనబడింది. కొంగు ముడి విప్పి ఒక కరక్కాయ తీసి నా చేతిలో పెట్టింది, దగ్గుకు మందు, బండికి వెయ్యమని, పాపం ఎన్నాళ్లు దగ్గుతుందని. నేను దాన్ని జాగ్రత్తగా జేబులో వేసుకుని, తప్పకుండా వేస్తాను అవ్వా, కానీ ఇప్పుడే కాదన్నాను.

"ఇప్పుడే వద్దులే" అని అవ్వ కూడా నవ్వింది. "ఇంకొన్నొద్దులు దగ్గనీ."