కొరికిన తునికాకు

అమ్మ చేతులు ఊరికే ఉండవు. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటుకు వచ్చిన మర్నాటి నుంచే పాత పేపర్ల అంచులు చించి, వేళ్ల మధ్య చుట్టి, కొస మడిచి సోఫా మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె మా ఊళ్లో బీడీలే చుట్టింది. నేను ఇంజనీరింగు చదివింది ఆ బీడీల మీదే. దగ్గు ముదిరి ఊపిరి ఆడకపోతే దవాఖానలో డాక్టరు ఇక తంబాకు ముట్టొద్దని గట్టిగా చెప్పాడు. అందుకే నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఆమె మాత్రం సంచి విప్పలేదు. చీరలు, బీడీల కత్తెర, అన్నీ తలుపు పక్కన ఆ సంచిలోనే.

"నన్ను బస్సెక్కియ్యి బిడ్డా. గిట్ల ఉట్టిగ కూసుంటే పానం కొట్టుకుంటాంది" అనేది రోజూ.

"పోయి ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? నాలుగు బీడీలు చుట్టుకుంట."

నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది. మళ్లీ ఆ తంబాకు చాట ముందు కూర్చుంటే ఆమె నాకు ఎన్నాళ్లో దక్కదు. కన్నతల్లిని గదిలో పెట్టి తాళం వేయలేం కదా. అయినా ఆ తల్లికి తగ్గ బిడ్డనే నేను. ఆఫీసు కాల్ నడుస్తున్నంతసేపూ కాలు కాలిన పిల్లిలా హాలంతా తిరుగుతాను. హాలు చాలకపోతే చెవిలో ఇయర్‌ఫోన్లతోనే కిందికి దిగిపోతాను.

మా ప్రహరీ గోడ అవతల అప్పట్లో ఒక ఖాళీ జాగా ఉండేది. బండలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య తునికి మొక్కలు. బీడీలు చుట్టేది ఆ తునికాకుతోనే. వానలు మొదలైన కొత్తలో అక్కడే ఆ సీతాకోకచిలుకను చూశాను. నారింజ రంగు రెక్కలు, అంచులు మాడిన రొట్టెలా నల్లన. రెక్కలు మూసినప్పుడు కింది వైపు ఇటుక ఎరుపు, మధ్యలో తెల్ల మచ్చలు. మోకాలి ఎత్తుకు మించి ఎగరదు. రెండుసార్లు రెక్క ఆడించి, ఆపైన తేలుతూ వెళ్లి, మళ్లీ అదే బండ మీద వాలుతుంది. పూల జోలికి పోలేదు. ఎవరో గోడ మీంచి విసిరిన మామిడి టెంకను పట్టుకుని వదల్లేదు. ఫోటో తీసి, సీతాకోకచిలుకల పిచ్చి ఉన్న సహోద్యోగి ఒకాయనకు పంపాను.

"బారోనెట్ అండి. మెట్ట అడవుల్లో ఉంటుంది. మన వైపు తునికి మీదే గుడ్డు పెడుతుంది. తునికి లేకపోతే ఇదీ లేదండి" అన్నాడు.

ఆనాటి నుంచి కాల్స్ మధ్య ఆకులు తిరగేయడమే నా పని. చివరికి దొరికింది గొంగళిపురుగు. ఆకుపచ్చ ఒళ్లు, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్లు. వాటిని ఆకు మీద పరుచుకుని పడుకుంటే నీడ కూడా పడదు. కళ్ల ముందున్నా కనిపించదు.

అమ్మకు చెప్పలేదు. తునికి మాట ఎత్తితే బస్సు మాట వస్తుందని.

ఒక పొద్దున గోడ అవతల జేసీబీ చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూద్దును కదా, బండలు పొర్లుతున్నాయి. చేతికి ఏమీ దొరక్క అమ్మ సంచిలోంచి కత్తెర లాక్కుని పరుగెత్తాను. డ్రైవరును బతిమాలుకుని పురుగున్న కొమ్మను, మరికొన్ని కొమ్మలను కత్తిరించి తెచ్చాను.

"నా కత్తెర ముట్టద్దని చెప్పిన గద!" అని అమ్మ తలుపు దగ్గరే అడ్డం నిలబడింది. అంతలో ఆకు కనబడింది. కోపం మరిచిపోయి వేళ్లతో తడిమి చూసింది. "ఏంది గీ ఆకు? అంచు కొరికింది. గిది పనికి రాదు."

ఊళ్లో ఎండుటాకు కట్టల్లో ఇలా కొరికినవి వస్తే ఎంత తిట్టేదో నాకు గుర్తే. ఆకు తక్కువైతే ఆ లోటు చుట్టేవాళ్ల నెత్తినే పడేది. కానీ కొరికింది ఎవరో ఆమె ఎన్నడూ చూడలేదు. చూపించాను.

"గిదా! గిన్నేండ్లు నా ఆకు తిన్న దొంగ గిదా!"

నలిపేస్తుందని చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆమె కొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. పురుగు తల ఆడిస్తూ అంచు వెంట తింటూనే ఉంది. అమ్మ చాలాసేపు చూసింది.

"తిను, తిను. ఇప్పుడు అడిగెటోడు ఎవడున్నడు?" అంది.

మిగతా ఆకును తడి గోనెగుడ్డలో చుట్టి పెట్టింది. బీడీల ఆకు మెత్తబడడానికి ఊళ్లో అలాగే చేసేది. రోజూ ఒకటి తీసి, తుడిచి, పురుగు ముందు పెట్టేది. కొన్నాళ్లకు అది ఆకు కింద తలకిందులుగా వేలాడి, పచ్చటి కోణాల కాయలా మారిపోయింది. ఇక చూడండి నా అవస్థ. నిమిషానికోసారి బాల్కనీలోకి వెళ్లి చూడడమే.

"ఎందుకు పరేషానైతవ్? నువ్వు సూస్తె జల్ది అయితదా?" అని నవ్వేది.

కాయ రంగు నల్లబడి లోపల నారింజ కనబడిన రోజున నేను ఒక మీటింగులో ఇరుక్కుపోయాను. పరుగున వచ్చేసరికి ఖాళీ తొడుగు వేలాడుతోంది. అమ్మ దాని పక్కన కింద కూర్చుని ఉంది.

"ముద్దలెక్క బయటికొచ్చింది బిడ్డా. రెక్కలు ఆరెదాక గది కదల్లే. నేను గూడ కదల్లే."

అప్పుడు చూశాను ఆమె చేతులను. ఒళ్లో ఒకదాని మీద ఒకటి ఊరికే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎటు పోయింది?"

"గోడ దాటింది. ఇగ అయిపాయె. నన్ను గూడ బస్సెక్కియ్యి."

ఇక వాదించే ఓపిక నాకు లేదు. కోపంతోనే మర్నాటి బస్సుకు టికెట్ తీశాను.

తెల్లారి చూస్తే మంచం మీద అమ్మ లేదు. సంచి తలుపు పక్కనే ఉంది, లోపల కత్తెర లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి ఉరికాను. గోడ అవతల, జాగా చుట్టూ కొత్తగా పాతిన రేకుల సందులోంచి కనబడింది. దున్నేసిన మట్టిలో తెగిన తునికి వేళ్ల నుంచి ఎర్రెర్రని చిగుళ్లు లేచాయి. అమ్మ వంగి ఒక్కో ఆకు కింద చూస్తోంది. ఒక్కటీ తుంచడం లేదు.

"ఏం జేస్తున్నవే ఈడ?" అని అరిచాను.

"గుడ్డు ఏమన్న పెట్టిందేమో సూస్తాన. ఇంక లేత ఆకు బిడ్డా. జర ముదరాలె."

జేసీబీ మళ్లీ వస్తుందని ఇద్దరికీ తెలుసు. ఆకు ముదిరేదాకా ఉంటానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. నడుం పట్టుకుని లేచి, కొంగున ఉన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టింది.

"గిది ఏడనన్న లోపట పెట్టు. కూరగాయలకు అక్కరకొస్తది."